నీళ్ల బండికి సిగ్నల్ వచ్చిన వేసవి

నెత్తిన టోపీ లేకుండా ఎర్విన్ బెడోనీ ఎలా ఉంటాడో బ్లాక్ మేసా అనే చదును కొండ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. నల్లటి ఫెల్టు టోపీ, దాని చుట్టూ వెండి బిళ్లల పట్టీ. గొర్రెల బొచ్చు కత్తిరించేటప్పుడూ తీయడు, మీటింగులోనూ తీయడు.

"తీస్తే గాలి తగిలి అరిగిపోతుందని భయం" అంటుంది అతని మరదలు రోజలిన్. "టోపీ కాదు, తల."

రోజలిన్ అతని మేనత్త ఎథెల్ కూతురు. ఇక్కడి ఆదివాసులైన దినే వాళ్లలో మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి ఊసే ఉండదు గానీ, వేళాకోళం మాత్రం మన బావామరదళ్ల కంటే రెండాకులు ఎక్కువే. ఒక పూట ఏడిపించకపోతే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

ఎర్విన్‌ది నీళ్లు మోసే పని. పికప్ బండి వెనక తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు కట్టుకుని, మన పంచాయతీ ఆఫీసు లాంటి చాప్టర్ హౌస్ దగ్గర నింపుకుని, కుళాయి లేని ఇళ్లకు మట్టిదారుల్లో తీసుకెళ్లి పోస్తాడు. పని ఎగ్గొట్టాడన్న మాట ఎవరూ అనరు. పిసినారి అని మాత్రం అందరూ అంటారు. తాడు తెగితే ముడేస్తాడు, ముడి తెగితే ఇంకో ముడి వేస్తాడు. మందలో గొర్రెలకు కొదవ లేదు. ఏ విందుకీ ఎర్విన్ గొర్రె తెగిందని విన్నవాళ్లు లేరు.

అలాంటి మనిషి ఈ వేసవిలో, బండికి సిగ్నల్ పెంచే బూస్టర్ కొంటానన్నాడు.

అందుకు కారణం షాండీన్. ఎర్విన్ చెల్లెలి కూతురు ట్రీనా, దూరాన పట్నం ఫీనిక్స్‌లో ఆసుపత్రి పని చేసుకుంటూ ఉంటుంది. ఆమెకు పుట్టిన మొదటి బిడ్డ షాండీన్. పసిబిడ్డ మొట్టమొదటిసారి పైకి వినపడేలా నవ్వితే ఇక్కడ అది చిన్న సంగతి కాదు. నవ్వించినవాళ్లు విందు పెట్టాలి. బిడ్డ చేతిని తమ చేత్తో పట్టుకుని, వచ్చిన ప్రతివాళ్లకీ గడ్డ ఉప్పు పంచిపెట్టించాలి. నవ్వించినవాళ్ల గుణం బిడ్డకు వస్తుందని కూడా అంటారు. విందు ఖర్చుకి జడిసి చెయ్యి బిగువైనవాళ్లు ఆ నెలల్లో పసిపిల్లల ఉయ్యాల దగ్గరికి వచ్చినప్పుడు మొహం గంటు పెట్టుకుని నిలబడతారు, ఎక్కడ నవ్వేస్తుందో అని.

ఎర్విన్‌కి దాన్ని తనే నవ్వించాలని పట్టుదల పుట్టింది. చెల్లెలు పోయి చాలా కాలమైంది. తల్లి వైపు ట్రీనాకి మిగిలిన మేనమామ అతనొక్కడే. గడ్డ ఉప్పు కూడా ముందే తెచ్చుకున్నాడు. దక్షిణాన ఉప్పు సరస్సు దాకా వెళ్లి, కాఫీ డబ్బా నిండా నింపుకొచ్చి సీటు కింద దాచాడు. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు డబ్బా మూత తీసి చూపించాడు. కొత్త బట్టలు చూపించే పిల్లాడిలా ఉన్నాడు.

చిక్కల్లా ఒక్కటే. ట్రీనా వీడియో కాల్ చేసే సమయానికి ఎర్విన్ ఏ లోయలోనో నీళ్లు దించుతూ ఉంటాడు. ఫోన్ మోగదు. మోగినా బొమ్మ కదలదు.

"నువ్వు నవ్విస్తే ఆ పిల్ల పెద్దయ్యాక ఇంటికొచ్చినవాళ్లకి ఉప్పు రాయి చూపించి మళ్లీ జేబులో వేసుకుంటుంది" అంది రోజలిన్.

"నీ నోరు చూస్తే పిల్ల జన్మలో నవ్వదు" అన్నాడు ఎర్విన్. "శుక్రవారం ట్యూబా సిటీ సంతకి వస్తావా రావా?"

వచ్చింది. ఎర్విన్ సొంత డబ్బు ఖర్చుపెట్టడం కళ్లారా చూడాలని వచ్చానని దారంతా చెబుతూనే ఉంది.

సంతలో కాల్చిన మాంసం వాసనల మధ్య, టార్పాలిన్ కింద డెల్బర్ట్ అనే కుర్రాడి బల్ల. దాని నిండా తీగలూ యాంటెనాలూ. ఇక్కడ కొత్త మనిషి కనిపిస్తే ముందు గోత్రాలు చెప్పుకుంటారు, తల్లిదీ తండ్రిదీ. ఎర్విన్ తనవి చెప్పాడు. డెల్బర్ట్ తనవి చెప్పాడు. తీరా చూస్తే డెల్బర్ట్ తండ్రిది ఎర్విన్ గోత్రమే.

"అయితే నువ్వు నాకు కొడుకువి" అన్నాడు ఎర్విన్, బల్ల మీదకు ఇంకాస్త వంగి.

"అయ్యో నాన్నా, బేరం మొదలుకాకముందే నా లాభం పోయింది" అన్నాడు డెల్బర్ట్. "సరే, ముందు ఒక మాట చెప్పు. నువ్వు తిరిగే దారిలో అసలు ఒక్క గీతైనా సిగ్నల్ వస్తుందా? ఇది ఉన్నదాన్ని పెంచుతుంది. లేనిదాన్ని పుట్టించదు."

ఎర్విన్ కళ్లు మూసుకున్నాడు. దారంతా ఒకసారి మనసులో బండి నడిపాడు. గాలిమర దగ్గర రెండు గీతలు. పశువుల గేటు దాటాక ఏమీ లేదు. ఎర్రగుట్ట ఎక్కితే ఒకటి. మేనత్త ఎథెల్ ఇంటి ముందు బండి మూతి తూర్పుకి పెట్టి ఆపితే ఒక గీత, వస్తుంది పోతుంది, దొంగపిల్లిలా.

"చాలు" అన్నాడు డెల్బర్ట్. "ఆ పిల్లిని పులిని చేద్దాం."

ముందుగా ఒక చిన్నదాన్ని తీశాడు. డాష్‌బోర్డు మీద ఉయ్యాలలా బిగించేది. ఫోన్ అందులో కూర్చుంటేనే పలుకుతుంది, చేతిలోకి తీసుకుంటే లేదు. అదీ ఒక్క ఫోనుకే. తరవాత ఒక పెద్దది తీశాడు. దాని యాంటెనా జెండా కర్రంత పొడుగుంది. ఎర్విన్ కళ్లు మెరిశాయి.

"ఎంత పొడుగైతే అంత దూరం కదా?"

"చదును నేల మీద నడిచే లారీలకైతే అంతే నాన్నా. దీని చూపు అడ్డంగా, సన్నగా పోతుంది. మీ మేసా మీద టవర్ ఒకసారి గుట్ట నెత్తినుంటుంది, ఇంకోసారి నీ కాళ్ల కిందుంటుంది. దీనికి పైదీ కనపడదు, కిందదీ కనపడదు."

"మా బావ చుట్టమన్నమాట" అంది రోజలిన్. "ముక్కుకి సూటిగా తప్ప చూడడు."

మూడోది మధ్యరకం. పొట్టి యాంటెనా బయట అంటించాలి. అరచేతంత బిళ్ల లోపల సీటు పక్కన పెట్టాలి. ఆ బిళ్ల చుట్టూ మూరెడు దూరంలో ఎవరి ఫోనైనా పలుకుతుంది. ఎర్విన్ చవకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు, మధ్యదాన్ని చూశాడు, మళ్లీ చవకదాన్ని చూశాడు.

"ఒక్క ఫోనుదే తీసుకో బావా. రెండో మనిషి మాట్లాడితే నీ సిగ్నల్ అరిగిపోతుంది."

ఎర్విన్ ఆమె మాట వినిపించుకోలేదు. ఫోన్‌ని ఉయ్యాలలో పెట్టి, ముందుకు వంగి, దాంట్లో తన మొహం చూసుకున్నాడు. గడ్డం, ముక్కు రంధ్రాలూ తప్ప ఏమీ కనపడలేదు.

"దీంట్లో చూస్తే పిల్ల జడుసుకుంటుంది" అన్నాడు. "ఫోన్ నా చేతిలో ఉండాలి. మధ్యదే ఇవ్వు."

రోజలిన్ దాని ధర చీటీ తిప్పి మరోసారి చదివింది.  

"ఒక్కటి గుర్తుపెట్టుకో నాన్నా" అన్నాడు డెల్బర్ట్ తీగ చుడుతూ. "బయటి యాంటెనా, లోపలి బిళ్లా అల్లుడూ అత్తగారూ లాంటివి. ఒకరి కంట ఒకరు పడకూడదు. పడితే బూస్టర్ ఎర్రదీపం వేసుకుని నోరు మూసుకుంటుంది. బండి పైకప్పు మధ్యలో పెట్టు. ఇనుము అడ్డం ఉంటుంది."

ఇది ఎర్విన్‌కి బాగా పట్టింది. ఇక్కడ పాతకాలం వాళ్లలో అల్లుడు వస్తున్నాడంటే అత్తగారు దుప్పటి కప్పుకుని అటు తిరిగిపోతుంది, చూస్తే కళ్లకు కీడని. కానీ పైకప్పు మాట మాత్రం అతనికి నచ్చలేదు. మేనత్త ఇంటికి పోయే దారి పొడుగునా జూనిపర్ చెట్ల కొమ్మలు బండి నెత్తిని రాస్తుంటాయి. కొత్త వస్తువు మొదటి రోజే విరిగిపోదూ? ఆలోచించి ఆలోచించి, యాంటెనాని బండి వెనక, ట్యాంకుకి అవతల, తోక తలుపు మీద అంటించాడు.

"ఇంత పెద్ద ట్యాంకు అడ్డం ఉంటే అల్లుడికి అత్తగారెక్కడ కనిపిస్తుంది?" అన్నాడు గర్వంగా.

చాప్టర్ హౌస్ దగ్గర ట్యాంకు నింపి మీట నొక్కాడు. పచ్చదీపం. దారిలో ఎర్రగుట్ట మీద ట్రీనాకి ఫోన్ చేశాడు. గొంతు పక్క సీట్లోంచి వచ్చినట్టు వచ్చింది.

"మామయ్యా, ఎక్కడున్నావు? టౌన్లో ఉన్నావా?"

"గుట్ట మీదే తల్లీ. నీ మామ బండి ఇప్పుడు టౌనే."

ఆ వారమంతా ఎర్విన్ నేల మీద నిలవలేదు. ఇక్కడ ఎవరింటికి వెళ్లినా నేరుగా పోయి తలుపు కొట్టరు. బండి దూరంగా ఆపి, లోపలివాళ్లు తీరిక చేసుకుని బయటికొచ్చేదాకా అందులోనే కూర్చుంటారు. ఇన్నేళ్లూ ఆ సమయంలో ఎర్విన్ తాళ్లకు ముడులు వేసుకునేవాడు. ఇప్పుడు ఫోన్ మాట్లాడుతున్నాడు. ఇంట్లోవాళ్లు చూశారు. ముసలమ్మలు వెల్వెట్ రవికె సర్దుకుని వచ్చి పక్క సీటెక్కారు. పట్నంలో పిల్లలకు ఫోన్లు కలిపించుకున్నారు. ముందు బండిలో మాటలు, ఆ తరవాతే నీళ్లు. ఒకావిడ మాట్లాడుతుంటే ఇంకొకావిడ తలుపు పట్టుకుని నిలబడేది. ఎర్విన్ ఎవరినీ తొందరపెట్టలేదు.

తిరుగుదారిలో మాత్రం ఏదో తేడా. వచ్చేటప్పుడు పలికిన చోటే పోయేటప్పుడు ఎర్రదీపం. గాలి వల్ల అనుకున్నాడు. సాయంత్రం కదా, టవర్ అలిసిపోయి ఉంటుంది అన్నాడు.

శనివారం ఎథెల్ అత్త ఇంటి ముందు నీళ్లన్నీ పీపాల్లోకి దించి గొట్టం చుడుతుండగా సీట్లో ఫోన్ మోగింది. ఆ దొంగపిల్లి గీత మీదే మోగింది. పరుగెత్తుకెళ్లి ఎక్కాడు.

"మామయ్యా, తొందరగా మొహం చూపించు. దాని పెదాలు వణుకుతున్నాయి. ఇప్పుడో ఇంకాసేపటికో నవ్వేస్తుంది" అంది ట్రీనా.

తెర మీద షాండీన్ బుగ్గలు కనిపించాయి. ఎర్విన్ నోరంతా తెరిచి గొర్రెలా అరిచాడు. బుగ్గలు అలాగే ఉండిపోయాయి. బొమ్మ గడ్డకట్టింది. దీపం ఎర్రబడింది. ఎర్విన్ ఇంకా కొంతసేపు అరుస్తూనే ఉన్నాడు.

బండి తీసుకుని గాలిమర దాకా పోతే ట్రీనా పంపిన మాట వచ్చి పడింది. నవ్వలేదు, నిద్రపోయింది. కానీ రేపు మధ్యాహ్నం పిల్ల బాబాయి వస్తున్నాడు.

ఆ బాబాయి, ఎద్దుల మీద సవారీ చేసే రోడియో పోటీల్లో విదూషకుడు. ఎద్దుల ముందు పీపాల్లో దూరి జనాన్ని నవ్వించడమే అతని బతుకుతెరువు.

ఎర్విన్ వెనక్కి తిరిగి మేనత్త ఇంటికే వచ్చాడు. బండి దిగలేదు. టోపీ కళ్ల మీదికి లాక్కుని కూర్చున్నాడు. అతన్ని అలా చూసి రోజలిన్ కూడా వేళాకోళం ఆడలేదు. ఎథెల్ అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"రేపు నన్ను మనవడితో నీళ్లు దించకముందే మాట్లాడించు నాయనా. దించాక నీ డబ్బా పలకదు."

"అదేంటత్తా?"

"ఎప్పుడూ అంతే కదరా. నిండుగా ఉంటే పచ్చగా ఉంటుంది, ఖాళీ అయితే ఎర్రబడుతుంది. మనిషి కడుపులాగే."

ఎర్విన్ టోపీ పైకి తోశాడు. దిగి, వెనక్కి వెళ్లి, ఖాళీ ట్యాంకు మీద చేత్తో కొట్టాడు. డప్పులా మోగింది. అడ్డం ఉన్నది ట్యాంకు కాదు, అందులోని నీళ్లు. అవి దించేశాక మిగిలింది పల్చటి ప్లాస్టిక్ తెర. మన కంటికే అది గోడ. అల్లుడూ అత్తగారూ దాని చాటున ఒకరినొకరు తెగ చూసుకుంటున్నారు.

"ఒసేయ్ రోజలిన్, తోక తలుపు మీది యాంటెనా పీకు" అన్నాడు, అప్పటికే చక్రం మీద కాలు పెట్టి పైకెక్కుతూ.

పైకప్పు నడిమధ్య యాంటెనా అంటుకుంది. ట్యాంకులో చుక్క నీరు లేదు. మీట నొక్కాడు. పచ్చదీపం. రోజలిన్ గట్టిగా కేక పెట్టింది, మేకలు బెదిరిపోయేంత. పొద్దు గుంకేలోగా ఇద్దరూ రంపం పట్టుకుని దారంతా వేలాడే కొమ్మల చివరలు కోసుకుంటూ వచ్చారు.

"ఒక్క యాంటెనాకి ఇంత ఊడిగం చేస్తున్నావు. నీకు పెళ్లామే ఉండి ఉంటే అదృష్టవంతురాలు" అంది రోజలిన్. ఆమెకు మళ్లీ ఒంట్లో బాగైందన్నమాట.

ఆదివారం పొద్దున్నే ఎర్విన్ వచ్చి నీళ్లు దించాడు. ఖాళీ బండిని మూతి తూర్పుకి పెట్టి ఆపాడు. ఉప్పు డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. రోజలిన్ పక్క సీటెక్కింది. ఎథెల్ అత్త కుర్చీ వేయించుకుని బయట కూర్చుంది. ట్రీనా ఫోన్ ఎత్తింది. షాండీన్ పాలు తాగి, తెర నిండా మొహం పెట్టి చూస్తోంది.

ఎర్విన్ గొర్రెలా అరిచాడు. గుడ్లగూబలా కళ్లు తిప్పాడు. బుగ్గలు ఊది వేలితో పొడిచి పగలగొట్టాడు. చిన్నప్పుడు ట్రీనాకి పాడిన గొర్రెల పాట పాడాడు. షాండీన్ న్యాయాధికారిలా చూస్తూ ఉంది.

"ఆ పిల్లకి నువ్వు అప్పున్నట్టున్నావు బావా" అంది రోజలిన్.

"మామయ్యా, వాళ్ల బాబాయి బయలుదేరాడట" అంది ట్రీనా మెల్లిగా.

సరిగ్గా అప్పుడే రోజలిన్ గోధుమరంగు మేక వచ్చింది. నీళ్ల బండి వస్తే గొట్టం చివర చుక్కలు నాకడం దానికి అలవాటు. చుక్కలు అయిపోయినట్టున్నాయి, ముందుకాళ్లు తలుపుకి ఆనించి కిటికీలోంచి తల లోపలికి పెట్టింది.

"దీన్ని లాగవే" అన్నాడు ఎర్విన్, ఫోన్ కదలనివ్వకుండా.

"దిగి నువ్వే లాక్కో."

"దిగితే సిగ్నల్ పోతుంది."

బిళ్ల దగ్గరనుంచి మూరెడు కూడా కదలడానికి లేదు. ఎర్విన్ మోచేత్తో తోశాడు. మేక అతని భుజం వాసన చూసింది, చెవి వాసన చూసింది. తరవాత టోపీ అంచు పళ్లతో పట్టుకుని, వెండి పట్టీతో సహా లాక్కుని పోయింది.

కనుబొమల దాకా ఎండకు కాగిన రాగి రంగు మొహం. అక్కడినుంచి పైకి, ఏనాడూ పొద్దు చూడని తెల్లటి బోడితల. నిగనిగలాడుతూ, అప్పుడే పెట్టిన గుడ్డులా.

 ఎథెల్ అత్త కుర్చీలోంచి సగం లేచింది. ఫోన్‌లోంచి ఏదో చిన్న శబ్దం, కుండలో నీళ్లు కదిలినట్టు. అది ఆగింది. మళ్లీ వచ్చింది. ఈసారి ఆగలేదు. షాండీన్ నవ్వుతోంది. పొట్ట ఎగిరెగిరి పడేలా, ఎక్కిళ్లు వచ్చేలా, పళ్లులేని నోరంతా తెరిచి నవ్వుతోంది. బూస్టర్ ఒక్క నవ్వు కూడా కింద పడనివ్వలేదు.

ట్రీనా ఏడుస్తూ నవ్వింది. ఎర్విన్ ఒక చేత్తో ఉప్పు డబ్బాని గుండెలకు హత్తుకున్నాడు.

రోజలిన్ మాత్రం వెంటనే అందుకుంది. "నవ్వించింది మేక. మేక నాది. కాబట్టి విందు నేను పెడతాను. నీ గొర్రెలు బతికిపోయాయి బావా, పో, పండగ చేసుకో."

ఏ పిసినారికైనా ఇంతకంటే మంచి మాట ఉండదు. ఎర్విన్ మొహం ఎర్రబడింది, బోడితలతో సహా.

"మేక నీదైతే కావచ్చు. టోపీ ఎవరిదే?"

"టోపీని చూసి ఎవరైనా నవ్వుతారా? లాగినదాన్ని చూసి నవ్వుతారు."

"అత్తా, నువ్వు చెప్పు" అన్నాడు ఎర్విన్ కిటికీలోంచి. అతని గొంతులో వేళాకోళం లేదు.

ఎథెల్ అత్త తొందరపడలేదు. "మనల్ని మనం అడుక్కుంటే ఏం లాభం? నవ్వు చూసింది తల్లి. ఏమే ట్రీనా, మేక వెళ్లిపోయాక నవ్విందా, ఉండగానే నవ్విందా?"

"మేక మొహం ఇంతసేపు కనిపించింది అమ్మమ్మా, అప్పుడు నవ్వలేదు" అంది ట్రీనా. "అది పోయాక నవ్వింది. ఇప్పటికీ అక్కడే చూస్తోంది. మామయ్యా, కాస్త తల వంచు."

ఎర్విన్ తల వంచాడు. ఫోన్‌లో నవ్వు మళ్లీ గలగలమంది.

"తల ఎర్విన్‌ది" అంది ఎథెల్ అత్త కుర్చీలో కూర్చుంటూ. "గొర్రెలు కొయ్యి నాయనా."

ఎర్విన్ బండి దిగకుండానే రెండు చేతులూ పైకెత్తి పైకప్పుని గుద్దాడు. యాంటెనా పడిపోతుందేమోనని వెంటనే ఆపేశాడు.

ట్రీనా వాళ్లు షాండీన్‌ని తీసుకుని వచ్చిన రోజున ఎథెల్ అత్త ఇంటి ముందు బండ్లు ఆపడానికి చోటు లేదు. రోడియో బాబాయి కూడా వచ్చి, ఆ తల ఒకసారి చూపించమని అడిగాడు. ఎర్విన్ గొర్రెలే తెగాయి, అందరూ అనుకున్నదానికంటే ఎక్కువే. వేయించిన రొట్టె, కాల్చిన మాంసం, నీలం మొక్కజొన్న జావ. నీళ్ల బండి తూర్పుకి తిరిగి నిలబడి ఉంది. విందు మధ్యలో కూడా దాని పక్కన వంతు కోసం ముసలమ్మలు నిలబడే ఉన్నారు.

ఎర్విన్ షాండీన్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. టోపీ లేదు. మేక నమిలిన టోపీ బండిలో ఉంది. తల అప్పటికే ఎండకు కందింది. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వంగి చెయ్యి చాపుతుంటే, పిల్ల పిడికిలిని తన చేతిలో పట్టుకుని ఉప్పు గడ్డలు వాళ్ల అరచేతుల్లో పెట్టిస్తున్నాడు. అందరూ అక్కడే నోట్లో వేసుకుని మంచి మాట చెబుతున్నారు.

రోజలిన్ వంతు వచ్చింది. చెయ్యి చాపి, "చిన్న రాయి చాలు బావా, నీ ప్రాణం పోతుందేమో" అంది.

ఎర్విన్ డబ్బాలో చెయ్యి పెట్టి కాసేపు వెతికాడు. అడుగునుంచి అన్నిటికంటే పెద్ద గడ్డ తీసి షాండీన్ వేళ్ల మధ్య పెట్టాడు. పిల్ల దాన్ని గట్టిగా పట్టుకుంది. వదలలేదు.

"చూశావా, గుణం వచ్చేసింది" అంది రోజలిన్.

షాండీన్ ఎర్విన్ తల వైపు చూసింది. నవ్వింది. నవ్వుతూ వేళ్లు వదిలేసింది. గడ్డ వెళ్లి రోజలిన్ అరచేతిలో పడింది.